గోడ అవతలి జాగా

జీపు ఆగిన చప్పుడు వినగానే రాజేశ్వరి చేతిలోని బియ్యం చాట కింద పెట్టి నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్లి కూర్చుంది. వెళ్లమని ఎవరూ చెప్పలేదు. ఈ ఇంటి గేటు ముందు ఏ బండి ఆగినా ఆమె కాళ్లు అటే పోతాయి. ట్యాంకుకూ ప్రహరీ గోడకూ మధ్య ఉన్న సందులో ఒక మనిషి పక్కకు తిరిగి, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చోవచ్చు. గోడ అడుగున వాన నీళ్లు పోవడానికి ఒక కంత వదిలారు. ఆమె వచ్చినప్పటి నుంచి వాన ఒక్కసారి కూడా పడలేదు. వంగి ఆ కంతలోంచి చూస్తే బయట నిలబడ్డవాళ్ల కాళ్లు కనిపిస్తాయి.

ముందు తండ్రి లచ్చన్న రబ్బరు చెప్పులు కనిపించాయి. పరుగెత్తుకుంటూ వచ్చి ఆగాయి. వాటికి ఎదురుగా రెండు తోలు చెప్పులు, వాటి మీద ఒమానీలు తొడిగే తెల్లటి పొడుగు చొక్కా అంచు. కాస్త వెనకగా దుమ్ము పట్టిన బూట్లు.

"సలామాలేకుం సార్" అన్నాడు లచ్చన్న.

తోలు చెప్పుల మనిషి అరబ్బీలో ఏదో అన్నాడు. కోపంగా లేదు, నవ్వుతూ కూడా లేదు. బూట్ల మనిషి గొంతు సవరించుకుని తెలుగులో మొదలుపెట్టాడు. అది విని రాజేశ్వరి అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. తన భాష తెలిసినవాడు గోడ అవతల ఉన్నాడంటే, లోపల దగ్గినా అర్థమైపోతుందేమో అనిపించింది.

"నేను బాబు మియాను. బోధన్ దిక్కు మాది. బలదియాల, గదే మున్సిపాలిటీల, బండి నడుపుత. సారు ఏమడుగుతుండంటే, గీ గడ్డి అంత ఎవలు పెంచిండ్రు?"

"నేను లచ్చన్నను. గడ్డి కాదు భాయ్, గునుగు. పువ్వు పూస్తది. మా ఇంటామె ఊరి నుంచి ఇత్తులు తెచ్చి చల్లింది. బతుకమ్మ అస్తుంది గదా..."

"అరే లచ్చన్నో, నాకెరుకనే అది గునుగని. మా గల్లీల ఆడోళ్లు పేర్వంగ చూడలేదా ఏంది? కని సారుకు గది గడ్డి. నడుములు దాటి పెరిగింది. మూల మలిగే కారోనికి అవతలి కారు కనబడ్తలేదు. మొన్న స్కూల్ బస్సు జెర్రంతల తప్పిందట."

తోలు చెప్పులు రెండడుగులు ముందుకు వేశాయి. ఒక చెప్పు కొస గునుగు మొదట్లో ఉన్న తడి మట్టిని తాకింది. అక్కడి నుంచి సన్నటి నీటి చార రోడ్డు మీదికి పోతోంది. చెప్పు దాన్ని చూపించి ఆగింది. తర్వాత ఆయన చెయ్యి చాపినట్టున్నాడు. చేతి నీడ ఆ మూల నుంచి ఈ మూల దాకా నేల మీద మెల్లగా కదిలింది.

"సాఫ్ చెయ్యాలె" అన్నాడు బాబు మియా. "నీళ్లు రోడ్డు మీదికి రావద్దు. గోడ మీద బీర తీగ బయటికి ఏలాడుతుంది, అది గూడ. శనివారం మల్ల అస్తడు సారు. లోపలి జాగ గూడ చూస్తడు. ఇంటాయనను ఉండుమను."

"అర్బాబు సలాలాల ఉన్నడు భాయ్. ఇంట్ల ఆయన తల్లి ఒక్కతే."

"గా సంగతి నాకెందుకు? చెప్పింది చెప్పిన."

వెనక ఎవరో హారన్ కొట్టారు. బూట్లు వెళ్లిపోయాయి. తోలు చెప్పులు మాత్రం కాసేపు కదలలేదు. కంతకు ఎదురుగా, కొసలు గోడ వైపు తిరిగి ఉన్నాయి. తన పరికిణీ అంచు కంత దాకా జారి ఉందని రాజేశ్వరి అప్పుడు చూసుకుంది. లాక్కుందామంటే కదిలినట్టు తెలుస్తుంది. అలాగే ఉండిపోయింది.

జీపు కదిలాక కూడా చాలాసేపటి దాకా ఆమె బయటికి రాలేదు. తల్లి దేవవ్వ వచ్చి ట్యాంకు మీద మెల్లగా తట్టింది. "పోయిండ్రు. లే బిడ్డా. బియ్యంల చీమలు పడ్డయి."

*

ఒమాన్ రాజధానిలో, అల్ ఖువైర్‌లో ఆఫీసుల వెనక వీధి అది. ఇళ్లన్నీ తెల్లవి, గోడలన్నీ ఒకే ఎత్తు. ఇల్లు ఖల్ఫాన్ అనే ఒమానీది. లచ్చన్న, దేవవ్వ ఆయన్ని అర్బాబు అంటారు. ఆయన తల్లిని మామా అంటారు. ఇంటి పనీ తోట పనీ చేస్తూ, పెరట్లో వంటింటి పక్కన ఉన్న ఒక్క గదిలో వాళ్ల కాపురం. ఎండాకాలంలో రాజేశ్వరి వచ్చినప్పుడు అర్బాబే వీసా తీశాడు. చూడడానికి వచ్చినవాళ్లకు ఇచ్చే వీసా. దాని గడువు దాటిపోయింది. పొడిగిస్తానని పాస్‌పోర్టు తీసి దగ్గర పెట్టుకున్నాడు. రేపు చేస్తా అన్నాడు, మళ్లీ రేపు అన్నాడు, తర్వాత ఉద్యోగం మీద దేశం ఆ కొసనున్న సలాలా వెళ్లిపోయాడు. అప్పటి నుంచి రాజేశ్వరి గేటు దాటలేదు.

ఆ రాత్రి అన్నం ముందు పెట్టుకుని లచ్చన్న మెతుకులు కెలుకుతూ కూర్చున్నాడు.

"ఫోన్ చెయ్యరాదు అర్బాబుకు?" అంది దేవవ్వ. "బలదియోళ్లు అచ్చిండ్రని చెప్పు. గట్లనే పిల్ల కాయితం సంగతి గూడ అడుగు."

"రెండూ ఒక్కపారి చెప్తరానే? నీ పెండ్లాం పెంచిన గడ్డితోని నా ఇంటికి బలదియా అచ్చిందా అంటడు. అటెన్క పిల్ల సంగతి ఎత్తుతే, ముగ్గురు నడువుండ్రి అంటడు."

"అంటడో అనడో, అడుగంది ఎట్ల తెలుస్తది?"

"మన ఊరి భూమేశ్ ఏమన్నడో యాదికి లేదా? సహం ఊర్ల తోటల పన్జేసేటోళ్లను చూడవోయిన పోలీసులు, వాళ్లతోని ఉన్న చుట్టాన్ని గూడ బండెక్కిచ్చుకపోయిండ్రట. ఆయనెవలో, ఏందో అడుగనే లేదట. కాయితం లేదంతే."

రాజేశ్వరి తల వంచుకుని తింటోంది. బండెక్కించుకుపోయిన ఆ చుట్టం తర్వాత ఏమయ్యాడో ఎవరూ చెప్పలేదు. ఆమె అడగలేదు. జవాబు ఉంటే దాన్ని కూడా తనలో పెట్టుకుని పడుకోవాల్సి వస్తుంది.

"లోపలి జాగ చూస్తడట" అన్నాడు లచ్చన్న మళ్లీ. "చూడనియ్యద్దు. బయటనే అంత సక్కగ ఉంటే లోపలికెందుకు అస్తడు? మన ఊరికి కలెక్టర్ అచ్చినప్పుడు ఏం జేసినం? సడుగు పొంటి ఒక్క గడ్డి పూస లేకుంట చెక్కి, సున్నం పోసినం. కారు దిగకుంటనే పోయిండు."

"గునుగు పూతకచ్చింది" అంది దేవవ్వ. కంచం ముందుకు జరిపి కూతురి తల మీద చెయ్యి వేసింది.

మర్నాడు వాళ్లు గదిలోంచి రాజేశ్వరిని తీసేయడం మొదలుపెట్టారు. తీగ మీది ఆమె బట్టలు తడిగా ఉండగానే తీసి సంచిలో కుక్కింది తల్లి. చాప చుట్టి మంచం కింద పెట్టింది. దువ్వెన, రిబ్బన్లు, చెప్పుల జత అన్నీ ఒక డబ్బాలో పెట్టి, డబ్బా మీద ఉల్లిగడ్డలు పోసింది. మూడో కంచం కూడా తీసి మామా వంటింటి గిన్నెల్లో కలిపేసింది. అంతా అయ్యాక గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది.

"ఇద్దరే ఉన్నట్టున్నరు గదా?" అని అడిగింది.

రాజేశ్వరి కూడా వచ్చి చూసింది. ఇద్దరే ఉన్నట్టుంది.

*

శుక్రవారం వెలుగు రాకముందే లచ్చన్న గేటు తెరిచాడు. భూమేశ్ పనిచేసే సైట్ నుంచి తెచ్చిన సున్నం బస్తా, ఒంటి చక్రం బండి, పార, అన్నీ బయటికి తీసుకెళ్లాడు. సెలవు రోజు. వీధిలో ఎవరూ లేరు. కంతలోంచి రాజేశ్వరికి తండ్రి కాళ్లు, పార అంచు కనిపిస్తున్నాయి. పార పడ్డప్పుడల్లా గునుగు వరుస తప్పి ఒరిగిపోతోంది. పొలంలో కలుపు తీసేటప్పుడు అతను చెట్టు చెట్టుకూ వంగి చూసి తీసేవాడు. ఇప్పుడు చూడడం లేదు. గట్టు చెక్కినట్టు చెక్కేస్తున్నాడు. దూరంగా కారు చప్పుడైతే పార ఆగుతోంది, చప్పుడు పోగానే మరింత వేగంగా పడుతోంది.

ఒకచోట పార ఎందుకో ఇరుక్కుంది. లచ్చన్న వంగి లాగాడు. మట్టిలోంచి నల్లటి గొట్టం ముక్క పైకి తేలింది, తెగి ఉంది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నీళ్లు లేవు, ఏమీ లేదు. మళ్లీ మట్టిలో తొక్కేసి పైన కాలితో అదిమాడు.

మొదటి బండి లోపలికి వచ్చినప్పుడు తల్లీ కూతుళ్లు గునుగు మోపు దించారు. మోపులో చిన్న చిన్న మొక్కలు కొన్ని వేరే ఉన్నాయి. పొడుగాటి సన్నని ఆకులు, తుంచితే పాలు.

"బాపూ, ఇవి గన్నేరు మొక్కలు" అంది రాజేశ్వరి మెల్లగా. "గునుగుల మునిగి కనబడలేదు. మనం పెట్టినయి కావు."

"మనం పెట్టనియి ఐతే పిచ్చి మొక్కలే."

"వరుసగ ఉన్నయేమో. ఎవలన్న నాటినయేమో..."

"ఊకో బిడ్డా. ఎల్లిపాయె టైము. సారు చెయ్యి ఈ మూలకెల్లి ఆ మూల దాక చూపెట్టిండు. అంత సాఫ్ అన్నడు. ఒక్కటి ఉంచినా ఎందుకు ఉంచినవంటడు."

రాజేశ్వరి ఆ మొక్కల్ని విడిగా తీసి, వేళ్ల చుట్టూ తడి గోనె చుట్టి ట్యాంకు నీడలో పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియదు.

ఎండ ఎక్కేసరికి గోడ అవతల జాగా అరచేయిలా అయింది. బీర తీగ గోడ మీద నుంచి కూడా పోయింది. లచ్చన్న సున్నం బస్తా విప్పి ఈ మూల నుంచి ఆ మూల దాకా తెల్లగా పరిచాడు. పిడికిలితో సన్నగా విడుస్తూ రోడ్డు అంచున గీత కూడా లాగాడు. గేటు వేసి లోపలికి వచ్చి చేతులు కడుక్కుంటూ చాలా రోజుల తర్వాత కాస్త నవ్వాడు.

"ఇగ చూసుకోమను" అన్నాడు.

పీకేసిన గునుగు సాయంత్రానికి వాడిపోతుందని దేవవ్వ ఆ రోజే బతుకమ్మ పేర్చింది. పెద్ద పళ్లెంలో ఆకులు పరిచి, గునుగు పూలు కట్టలు కట్టి, సగం రంగు నీళ్లలో ముంచి, వరుస మీద వరుస పెట్టింది. కూతురు మధ్యలో ఆకులు కూరింది. జానెడు ఎత్తు కూడా రాలేదు. పెరట్లో నేల ఊడ్చి మధ్యలో పెట్టారు. ఇద్దరూ చుట్టూ తిరిగారు. పాట పాడలేదు. గోడ పక్కనే రోడ్డు, రోడ్డు అవతల ఇళ్లు. ఇద్దరు ఆడవాళ్ల గొంతులు వినిపిస్తే, రెండోది ఎవరిదని అడిగేవాళ్లుంటారు. చప్పట్లు కొట్టబోయి చేతులు కలిసేలోపే ఆపారు. తల్లి పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. రాజేశ్వరి ఆ పెదవులు చూస్తూ, ఎక్కడ వంగాలో ఎక్కడ లేవాలో తెలుసుకుంటూ తిరిగింది.

మామా తన గది కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. "జైన్" అంది చివర్లో. బాగుంది అని. ఆ ఒక్క మాటకే దేవవ్వ ఉలిక్కిపడి, తర్వాత నవ్వేసింది. బతుకమ్మను బట్టలు నానబెట్టే టబ్బులో వదిలారు.

*

శనివారం పొద్దున మామాకు బీపీ చూపించాలి. దేవవ్వ ఆమెను తీసుకుని టాక్సీలో ఆస్పత్రికి వెళ్లింది. లచ్చన్న ఒంటి చక్రం బండి సైట్‌లో ఇచ్చేసి ఇట్టే వస్తానన్నాడు.

"సారు పది దాటినంకనే అస్తడు. నేను ఆలోపే ఉంట. గేటు తియ్యకు. సప్పుడు చెయ్యకు."

గేటుకు బయట తాళం వెయ్యలేదు. వేస్తే ఇంట్లో ఎవరూ లేరనుకుని మళ్లీ వస్తారు. లోపలి గొళ్లెం రాజేశ్వరి పెట్టుకుంది.

ఆమె అలవాటు ప్రకారం ట్యాంకు వెనక కూర్చుంది. కంతలోంచి తెల్లటి సున్నం తప్ప ఏమీ కనిపించడం లేదు. కాసేపటికి ఆ తెల్లదనం మధ్యలో ఒకచోట చిన్న మచ్చ నల్లబడింది. మచ్చ పెరిగింది. మట్టి ఉబ్బింది. ఊట లాగా నీళ్లు పైకి వచ్చాయి, తర్వాత బుస్సుమని మోకాలెత్తున చిమ్మాయి.

ఏమవుతోందో అర్థం కావడానికి ఆమెకు కొంతసేపు పట్టింది. నిన్న తెగిన గొట్టం. నిన్న సెలవు. ఈ పొద్దున ఎక్కడో ఎవరో బలదియా మనిషి ఈ వీధి మొక్కలకు నీళ్లు వదిలాడు. పిచ్చి మొక్కలకు ఎవరూ గొట్టాలు వెయ్యరు.

నీళ్లు సున్నంలో కలిసి పాలలా అయ్యాయి. తెల్లటి ధార నల్లటి రోడ్డు మీదికి దిగి, మలుపు వైపు పాకుతోంది. ఒక కారు దాని మీదుగా పోయింది. టైర్ల అచ్చులు తెల్లగా రెండు గీతలై రోడ్డు పొడవునా సాగాయి. ఇంకో కారు మెల్లగా వచ్చి ఆగి, పక్క నుంచి పోయింది. నీళ్లు రోడ్డు మీదికి రావద్దన్నారు. ఇప్పుడు రోడ్డంతా తెల్లగా, ఎంత దూరం నుంచైనా ఈ గేటు దాకా దారి చూపిస్తున్నట్టుంది.

ఆమె లేచింది. మళ్లీ కూర్చుంది. బాపు వస్తాడు, వచ్చి చూసుకుంటాడు అనుకుంది. గోడ పక్కగా గేటు దాకా వెళ్లి చెవి ఆనించింది. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. గొళ్లెం మీద చెయ్యి వేసింది. గొళ్లెం టకమంది. ఆ చప్పుడుకే భయపడి చెయ్యి తీసేసింది. బాపు కన్నా ముందు సారు వస్తే? నీళ్లు చూసి లోపలికి వస్తాడు. బాపును బండెక్కిస్తారు. తను ట్యాంకు వెనక ఉండి, కాళ్లు వెళ్లిపోవడం చూస్తుంది.

గొళ్లెం తీసింది.

బయట వెలుగు ఎక్కువగా ఉంది. కళ్లు చికిలించుకుంటూ నీళ్లు చిమ్ముతున్న చోటికి పోయి మోకాళ్ల మీద కూర్చుంది. మట్టిలో చెయ్యి పెట్టి గొట్టం కొస దొరకబుచ్చుకుంది. పెరట్లో పైపు బాపు ఎలా మడుస్తాడో ఆమె ఎన్నోసార్లు చూసింది. అలాగే మడిచి రెండు చేతులతో అదిమింది. నీళ్లు ఆగాయి. చెయ్యి కొంచెం వదులు చెయ్యగానే మళ్లీ మొహం మీదికి చిమ్మాయి. గొట్టం మందంగా ఉంది, కట్టడానికి తాడు లేదు, తాడు కోసం లేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. అదిమి పట్టుకుని కూర్చుండిపోయింది. సున్నపు నీళ్లు వేళ్ల సందుల్లో మండసాగాయి.

జీపు చప్పుడు వీధి చివర నుంచే విన్నది. ఆమె కాళ్లు లేవబోయాయి. చేతులు లేవనివ్వలేదు. గేటు పది అడుగుల దూరంలో తెరిచే ఉంది. వదిలేస్తే లోపలికి పోవచ్చు. వదిలితే నీళ్లు రోడ్డెక్కుతాయి. తల మరింత కిందికి వంచుకుంది.

బండి ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. తోలు చెప్పులు దగ్గరికి వచ్చి, కాసేపు నిలబడి, పక్కకు వెళ్లాయి. ఎక్కడో ఇనుప మూత లేపిన చప్పుడు. చేతుల్లో కొట్టుకుంటున్న గొట్టం మెల్లగా మెత్తబడింది.

"ఇడువు బిడ్డా. నీళ్లు బందయినయి" అన్నాడు బాబు మియా.

ఆమె వదల్లేదు. వదలాలని అనుకుంటున్నా వేళ్లు విప్పుకోలేదు. బాబు మియా వంగి ఒక్కో వేలు తీసి, జీపులోంచి మంచినీళ్ల సీసా తెచ్చి చేతుల మీద పోశాడు. నెరిసిన గడ్డం, పొట్ట మీద గుండీ ఊడిన చొక్కా. మామూలు మనిషి.

"సున్నం కొరుకుతది. ముట్టుకోకు ఇగ. గోడ మీదికెల్లి చెయ్యి చాపి బీరకాయలు తెంపేది నువ్వే గదా?"

రాజేశ్వరి తల ఎత్తింది.

"రోజు ఇటే పోతం గదనే బిడ్డా. సందేళ గాజుల చెయ్యి ఒకటి గోడ మీద తేలుతది. సారు గూడ చూస్తనే ఉండె. ఆ కాయ ఎట్ల ఒండుతరని నన్నడిగిండు ఒకనాడు. నాకేమెరుక, మా ఇంటామె హలీమాను అడుగాలె అన్న."

ఇన్ని రోజులు. ట్యాంకు వెనక, చాప మంచం కింద, ఉల్లిగడ్డల కింద డబ్బా. వీళ్లు ముందు నుంచీ చూస్తూనే ఉన్నారు.

అప్పుడే లచ్చన్న వీధి మలుపు తిరిగాడు. ముందు తెల్లటి రోడ్డును చూశాడు, తర్వాత జీపును, ఆ తర్వాత జీపు పక్కన తడిసి ముద్దై నిలబడ్డ కూతురిని. అక్కడి నుంచే పరుగెత్తాడు. వచ్చి కూతురికీ తోలు చెప్పుల మనిషికీ మధ్యలో నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"సార్, గల్తీ నాది. పిల్లది కాదు. వీసా ఖలాస్ అయింది, అర్బాబు చేస్త అన్నడు, పాస్‌పోర్ట్ ఆయన తాననే ఉంది. రేపే పంపిస్త సార్, ఇంటికి పంపిస్త, టికెట్ తీస్త. పోలీసుకు చెప్పకుండ్రి..." హిందీ, తెలుగు, అరబ్బీ అన్నీ కలిసి వస్తున్నాయి. బాబు మియా మాట మధ్యలో అతని భుజం పట్టుకున్నాడు.

"అరే, ఆగు. ఆగరాదే లచ్చన్నా. పిల్ల సంగతి ఎవలడిగిండ్రు నిన్ను?"

తనే చెప్పేశానని లచ్చన్నకు అప్పుడు తెలిసింది. జోడించిన చేతులు అలాగే ఉన్నాయి, దించడం మర్చిపోయాడు.

తోలు చెప్పుల బలదియా మనిషి చిన్నవాడే. లచ్చన్న కంటే చాలా చిన్నవాడు. సున్నాన్ని చెప్పు కొసతో గీకాడు. అరబ్బీలో మెల్లగా చెప్పాడు. బాబు మియా ఒక్కో మాటా విని తెలుగులో చెప్పాడు.

"నేను మొక్కల పని మీద అచ్చిన అంటుండు. గోడకు ఇవుతల ఉన్న జాగ బలదియాది. గన్నేరు మొక్కలు బలదియాయి, పైపు బలదియాది. కత్తిరియ్యుమంటె బొందవెట్టిండ్రు అంటుండు. గునుగు ఒక్కటి తీస్తే సరిపోతుండె. సున్నం ఎందుకు వోసినవని అడుగుతుండు. చెట్ల ఏర్లు సచ్చిపోతయట."

"పెద్దసారు అస్తుండంటే పోస్తం సార్, మా ఊర్ల" అన్నాడు లచ్చన్న.

బాబు మియాకు నవ్వు వచ్చింది. దాన్ని అరబ్బీలోకి మార్చి చెప్పాడు. ఆ యువకుడు నవ్వలేదు. కొంచెం ఎర్రబడ్డాడు. తన కోసం రోడ్డు పక్కన సున్నం పోస్తారని ఎప్పుడూ అనుకున్నట్టు లేడు.

"ఇంకోటి చెప్తుండు. గోడ అవతలైనా ఇవుతలైనా జవాబు చెప్పేది ఇల్లెవరిదో ఆయన. పన్జేసేటోడు కాదు. ఆయన్నే ఆఫీసుకు రమ్మంటుండు. సలాలాల ఉంటే సలాలా నుంచి. రాకుంటే కేసు ఆయన మీద."

లచ్చన్న ఒక అడుగు ముందుకు వేశాడు. "అర్బాబును పిలువద్దు సార్. నేనే మల్ల పెడుత. మొక్కలు నేనే తెస్త..."

"నీ చేతిల లేదది" అన్నాడు బాబు మియా. "సారు చేతిల గూడ లేదు. కానూన్ గట్ల ఉంది."

టాక్సీ వచ్చి ఆగింది. దేవవ్వ ముందు దిగి, కూతురు రోడ్డు మీద నిలబడి ఉండడం చూసి, టాక్సీ తలుపు పట్టుకుని కదలకుండా ఉండిపోయింది. మామా తనంతట తనే కర్ర ఆనించుకుని దిగింది. కర్రతో సున్నాన్ని పొడిచి చూసింది. బలదియా మనిషితో చాలాసేపు మాట్లాడింది. మధ్యలో ఒకసారి కర్ర ఎత్తి రాజేశ్వరిని చూపించింది. రాజేశ్వరి వెనక్కి అడుగు వేసింది. ముసలామె గొంతు పెరిగింది, కానీ కోపం ఎవరి మీదో తెలియలేదు. ఖల్ఫాన్, ఖల్ఫాన్ అనే పేరు మాత్రం మళ్లీ మళ్లీ వినిపించింది.

"ఏమంటుందే?" అని దేవవ్వ బాబు మియాను అడిగింది.

"కొడుకుని తిడుతుంది. ఇల్లు కట్టిండు, గేటు వెట్టిండు, అటెన్క మొఖం చూపెట్టలేదు అంటుంది. ఇంటి ముంగట గడ్డి మొలిచినా ఎరుక లేదు, ఇంట్ల మనిషి కాయితం మురిగినా ఎరుక లేదు అంటుంది. ఇప్పుడే ఫోన్ చేస్తదట."

మామా లోపలికి వెళ్లింది. వెళ్తూ లచ్చన్నను రమ్మని చెయ్యి ఊపింది. అతను గేటు దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఎప్పుడూ ఇంటి హాలులోకి మొక్కల కుండీలు మొయ్యడానికి తప్ప వెళ్లలేదు. దేవవ్వ వెనక నుంచి అతని వీపు మీద చెయ్యి పెట్టి నెట్టింది.

"పో. ఈ పారి అడుగు."

జీపు కదలబోతుండగా రాజేశ్వరికి గోనె గుర్తొచ్చింది. పరుగున ట్యాంకు దగ్గరికి పోయి గన్నేరు మొక్కలు తెచ్చింది. ఆకులు వాలిపోయాయి కానీ వేళ్లు తడిగా ఉన్నాయి. బలదియా మనిషి కిటికీలోంచి చూసి, సున్నం తీసేసి, మట్టి మార్చి, లోతుగా పెట్టమని చేతులతోనే చూపించాడు. నీళ్లు మొదట్లోనే పడాలి, రోడ్డు వైపు కాదు అని వేలితో చెప్పాడు. ఆమె తల ఊపింది.

జీపు పోయింది. ఆమె సున్నాన్ని పారతో పక్కకు గీకి, గుంత తీసి మొదటి మొక్క నిలబెట్టింది. దేవవ్వ గేటు సందులోంచి పిలిచింది. "ఇగ లోపలికి రా బిడ్డా. బాపు పెడ్తడు."

"ఇది ఒక్కటి, అవ్వా."

వీధి చివర పోలీసు బండి కనిపించింది. దేవవ్వ గేటు రెక్క పట్టుకుంది. రాజేశ్వరి పిడికిట్లో మట్టి ఉంది. కూర్చున్న చోటే కూర్చుంది. బండి మెల్లగా వచ్చింది. నల్లకళ్లద్దాల మనిషి ఆమె వైపు ఒక్కసారి చూశాడు, తెల్లటి రోడ్డు వైపు చూశాడు, మూల అవతల కారేమైనా వస్తోందేమో చూశాడు. మూల మీద ఇప్పుడు అడ్డం ఏమీ లేదు. మలుపు తిరిగి వెళ్లిపోయాడు.

ఆమె పిడికిలి విప్పింది. మట్టి ఉండలా గట్టిపడిపోయింది. దాన్ని నలిపి మొక్క మొదట్లో వేసి అదిమింది. ఇంటి లోపల నుంచి ఫోన్‌లో మాట్లాడుతున్న తండ్రి గొంతు వచ్చింది. సలాలా దాకా తీగ మీద కాకుండా గాలిలోనే వినిపించాలన్నంత గట్టిగా.

"అర్బాబ్, నేను లచ్చన్న. లచ్చన్న! నా బిడ్డ గురించి. పేరా? రాజేశ్వరి. రా-జే-శ్వ-రి!"

రోడ్డు అవతల ఇంట్లో ఎవరో కిటికీ తెరిచి చూశారు. ఆమె తల తిప్పలేదు. రెండో గుంత తవ్వడం మొదలుపెట్టింది.